తుపాను బలహీనపడిందంటే తగ్గింది ఏది?

"తీరం దాటింది, బలహీనపడింది" అన్న మాటలు టీవీ తెర అడుగున కనబడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో హమ్మయ్య అనుకుంటారు. మత్స్యకారులు వలలు సర్దుకుంటారు, రైతులు పొలం చూసి వద్దామని బయలుదేరతారు. ఆ మరునాడో, ఆపై నాడో ఏరు గట్టు దాటితే, "తుపాను పోయిందన్నారు కదా, ఈ నీళ్లెక్కడివి?" అని అడుగుతారు. అడిగినవారిది తప్పు కాదు, వాతావరణ శాఖ ప్రకటనా తప్పు కాదు. ఒకే మాటను ఇద్దరూ రెండు అర్థాల్లో తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో 2024 సెప్టెంబరు 1న తెలిసింది. ఆ రోజు అర్ధరాత్రి దాటాక కళింగపట్నం సమీపంలో తీరం దాటినది తుపాను కాదు, ఉత్త వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. కానీ దాని ప్రభావంతో ముందూ వెనకా కురిసిన వానలకు బుడమేరు పొంగి విజయవాడలో చాలా బస్తీలు నీళ్లలో ఉన్నాయి, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. కళింగపట్నానికీ విజయవాడకూ మధ్య ఆకాశమార్గాన నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. "బలహీనమైన" వ్యవస్థ, తాను తీరం దాటిన చోటికి అంత దూరంలో, అంత నష్టం ఎలా చేసింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఆ పేర్లు దేన్ని కొలుస్తున్నాయో చూడాలి.

అల్పపీడనం నుంచి పెను తుపాను దాకా: కొలత ఒక్కటే, గాలి

సముద్రం మీద ఒక ప్రాంతంలో గాలి పీడనం చుట్టుపక్కల కన్నా తగ్గి, చుట్టూ ఉన్న గాలి దానివైపు సుడి తిరుగుతూ చేరడం మొదలైతే దాన్ని అల్పపీడనం అంటారు. ఆ సుడిలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే అది వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఆ పైన ఇంకా మెట్లున్నాయి, 222కు చేరితే పెను తుపాను. ఈ వేగం క్షణకాలం విసిరే ఈదురు గాలిది కాదు, మూడు నిమిషాల సగటు. అందుకే ప్రకటనల్లో "75 నుంచి 85, ఒక్కోసారి 95" అని రెండు రకాల అంకెలు వినబడతాయి.

ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీదా వాన ప్రస్తావన లేదు. ఎన్ని మిల్లీమీటర్లు కురుస్తుంది, ఎంత మేర కురుస్తుంది, ఎన్ని గంటలు కురుస్తుంది అన్నవి ఈ వర్గీకరణలోకి రావు. వానకు వేరే కొలత ఉంది. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. కనక "తుపాను తీవ్ర వాయుగుండంగా బలహీనపడింది" అన్న వాక్యానికి ఉన్న అర్థం ఇంతే: కేంద్రం చుట్టూ తిరిగే గాలి వేగం 62 కిలోమీటర్ల కన్నా తగ్గింది.

పేర్ల సంగతి కూడా ఇందులోనే ఉంది. 62 కిలోమీటర్ల గీత దాటితేనే పేరు పెడతారు. 2018లో వచ్చిన తిత్లీ, 2021లో వచ్చిన గులాబ్ రెండూ పాకిస్థాన్ సూచించిన పేర్లే. సీతాకోకచిలుకా, గులాబీ రెండూ శ్రీకాకుళం తీరానికే చేరడం యాదృచ్ఛికం. పేరున్నదాన్ని జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు, పేరు లేనిదాన్ని "మొన్నటి వాన" అంటారు. బుడమేరును పొంగించిన వాయుగుండం విషయంలో జరిగింది అదే.

గాలి తగ్గడం చిన్న విషయమని మాత్రం అనుకోకూడదు. ఒక గోడనో, కొబ్బరి తలనో గాలి తోసే బలం దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 150 కిలోమీటర్ల గాలి 75కు దిగితే తోపుడు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 50కి దిగితే తొమ్మిదో వంతు. పైకప్పుల విషయంలో, కరెంటు స్తంభాల విషయంలో "బలహీనపడింది" అన్న మాట నిజంగానే పెద్ద ఊరట.

నేలకెక్కితే గాలి ఎందుకు పడిపోతుంది, వాన ఎందుకు పడిపోదు

తుపానుకు తిండి సముద్రమే. ఇరవై ఆరున్నర డిగ్రీలకు పైగా వేడెక్కిన నీటి నుంచి లేచే ఆవిరి పైకి పోయి, చల్లబడి, మబ్బుగా మారేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి మధ్యలోని గాలి తేలికై మరింత పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి చుట్టూ ఉన్న గాలి మరింత వేగంగా దూసుకొస్తుంది. నేల మీదికి రాగానే కేంద్రం కింద ఆ తిండి ఆగిపోతుంది. పైగా చెట్లు, ఇళ్లు, గుట్టలు గాలిని రాసుకుని దాని వేగాన్ని తినేస్తాయి. కొన్ని గంటల్లోనే సుడి సడలుతుంది.

అయితే వేగం తగ్గిన గాలి వృత్తం మీద నిలకడగా తిరగలేక కేంద్రం వైపు మరింతగా ఒరుగుతుంది. నలువైపుల నుంచీ వచ్చిన గాలి ఒకచోట గుమిగూడితే దానికి పైకి పోవడం తప్ప వేరే దారి ఉండదు. పైకి పోయిన తడిగాలి వానవుతుంది. అంటే గాలిని చంపే రాపిడే కొంతసేపు వానను పెంచగలదు. కేంద్రం భూమి మీదికి ఎక్కినా, వందల కిలోమీటర్ల పొడవున్న దాని మబ్బు చేతులు ఇంకా బంగాళాఖాతం మీదే ఉంటాయి, అక్కడి తడిని లోపలికి తోడుతూనే ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నిండు చెరువులూ నీరు పెట్టిన వరి మళ్లూ ఉన్న నేల కూడా ఎండు నేలలా సుడిని ఒక్కసారిగా ఆర్పేయదు.

ఉత్తరాంధ్రకు దీనికి తోడు కొండలున్నాయి. ఇక్కడ తీర మైదానం సన్నటి పట్టీ. కాస్త లోపలికి పోగానే తూర్పు కనుమలు మొదలవుతాయి. శ్రీకాకుళం సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి ఆ వాలు ఎక్కక తప్పదు, ఎక్కితే కురవక తప్పదు. తీరాన మబ్బు విడిచి ఎండ పొడ తగిలే వేళకు సాలూరు, పార్వతీపురం కొండల వైపు కుండపోతగా పడుతుండడం ఇందుకే.

నడక వేగం: అందరూ మరిచిపోయే అంకె

తుపానుకు రెండు వేగాలుంటాయి. ఒకటి తన చుట్టూ తాను తిరిగే వేగం, రెండోది మొత్తంగా ఒక దిక్కుకు నడిచే వేగం. బొంగరం తిరిగే జోరు వేరు, అది నేల మీద జరిగే జోరు వేరు అన్నట్టు. వర్గీకరణ మొదటిదాన్ని బట్టి ఉంటుంది. ఒక ఊరి మీద ఎంత వాన పడుతుందన్నది ఎక్కువగా రెండోదాన్ని బట్టి ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక వ్యవస్థలో గట్టి వాన కురిసే మబ్బు పట్టీ వెడల్పు 200 కిలోమీటర్లు, దాని కింద గంటకు సగటున 10 మిల్లీమీటర్లు కురుస్తుందనుకుందాం. అది గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడిస్తే రాజాం మీద పది గంటలు ఉంటుంది, 100 మిల్లీమీటర్లు కురుస్తుంది. అదే వ్యవస్థ బలహీనపడి, నడక 8 కిలోమీటర్లకు మందగించి, వాన జోరు కూడా 7 మిల్లీమీటర్లకు తగ్గిందనుకుందాం. ఇప్పుడది ఇరవై అయిదు గంటలు ఉంటుంది, 175 మిల్లీమీటర్లు కురుస్తుంది. గాలి తగ్గింది, వాన జోరు తగ్గింది, పడ్డ నీళ్లు మాత్రం పెరిగాయి. అసలు వాన ఇంత సమంగా పడదు, పట్టీ ఇంత చక్కగా ఉండదు. కానీ లెక్క ఎటు మొగ్గుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

లోపలికి ఎంత దూరం పోతుందన్నదీ బలాన్ని బట్టి తేలేది కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరాదికి పోయి ఉత్త తడిగా మిగిలాక, రెండు రోజులకు నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల్లో మంచు తుపానై 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ మరీ విచిత్రం. అది తెలంగాణ, మహారాష్ట్రల మీదుగా ఈడ్చుకుంటూ పోయి, దాని శేషం గుజరాత్ దాటి అరేబియా సముద్రంలో మళ్లీ తుపానైంది. షహీన్ అని కొత్త పేరు పెట్టుకుని అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని తాకింది.

గాలి ఒక పక్క, వాన మరో పక్క

"మన దగ్గరే తీరం దాటింది కాబట్టి దెబ్బ మనకే" అనుకోవడం సహజం. తుపాను కేంద్రాన్ని పటం మీద ఒక చుక్కగా చూపిస్తారు, అసలుది మాత్రం చుక్క కాదు. మన అర్ధగోళంలో సుడి అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. వాయవ్యంగా నడిచే తుపానుకు కుడి పక్కన, అంటే ఈశాన్యాన, తిరిగే గాలికి నడక వేగం కలుస్తుంది. అక్కడ గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. కాబట్టి ఉప్పెన, గట్టి గాలి ఆ పక్కనే ఎక్కువ. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, అలలు అంతగా ఎగదన్నవు.

బలహీన వ్యవస్థల్లో, ముఖ్యంగా రుతుపవనాల కాలంలో వచ్చే వాయుగుండాల్లో, వాన విషయం తరచుగా దీనికి తలకిందులు. పడమరకు నడిచే వాయుగుండానికి నైరుతి పక్కన తడిగాలులు ఎదురై, అత్యధిక వర్షం అక్కడ కురవడం మామూలు. కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండానికి నైరుతిన ఏముంది? గోదావరి, కృష్ణా జిల్లాలు, ఆ వెనక ఖమ్మం. 2024 నాటి చిక్కుముడిలో పెద్ద భాగం ఇక్కడే విడిపోతుంది.

అన్నీ ఈ పద్ధతికే లొంగవు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, లోపలికి పోయాక దారి మళ్లి ఈశాన్యానికి తిరిగింది. ఆ క్రమంలో దక్షిణ ఒడిశా కొండల మీద సడలుతూ కురిసింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చింది తీరం దాటిన వేళటి గాలి. గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగి, వానకు తలదాచుకున్నవాళ్లను పూడ్చేసింది బలహీనపడుతున్న వేళటి నీరు. ఒకే తుపాను, రెండు వేర్వేరు రకాల నష్టం.

ఒడిశాలో పడి మన గట్టెక్కే నీళ్లు

వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, అక్కడి నీళ్లు మోసుకుని మన జిల్లాల్లో సముద్రంలో కలుస్తాయి. వంశధార పరీవాహక ప్రాంతంలో మూడింట రెండు వంతులకు పైగా ఒడిశాలోనే ఉంది. అందువల్ల హిరమండలంలో వాన తెరిపిచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి అక్కడ వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని ఊహించలేం. ఎగువన ఒడిశాలోని గుణుపూర్, కాశీనగర్ వైపు ఏమైందన్నది ముఖ్యం.

ఇక్కడ కూడా ఒక లెక్క. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు; రోజంతా 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఎగువన 5,000 చదరపు కిలోమీటర్ల మేర 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మొత్తం నీరు దాదాపు 17.6 టీఎంసీలు. నేల అప్పటికే తడిసి ఉండి అందులో సగం ఏట్లో పడితే 8.8 టీఎంసీలు. అది రెండు రోజుల్లో నింపాదిగా దిగితే సగటున 51 వేల క్యూసెక్కులు. ఒక్క రోజులో దిగితే లక్ష దాటుతుంది. వాన అంతే, నీరు అంతే. దిగే సమయాన్ని బట్టి ఒకటి నిండు ప్రవాహం, మరొకటి ముంపు. అదే వాన జూన్ ఎండు నేల మీద పడితే సగం కాదు, చాలా తక్కువే ఏట్లోకి వస్తుంది. అక్టోబరులో నేలకు తాగే ఓపిక ఉండదు.

విజయనగరం జిల్లా చంపావతి, గోస్తనీలది వేరే గడియారం. ఇవి దగ్గరి కొండల్లోనే పుట్టిన పొట్టి నదులు, త్వరగా పొంగి త్వరగా తీస్తాయి. గెడ్డలైతే, అంటే వాగులైతే, ఇంకా తొందర: గంటల్లో కాజ్‌వే మీదికి వస్తాయి, తెల్లారేసరికి మోకాలి లోతుకు దిగుతాయి. సముద్రం ఇంకా పోటు మీద ఉంటే నదీ ముఖాల దగ్గర నీరు వెనక్కి తన్ని, పల్లపు చోట్ల మరింతసేపు నిలుస్తుంది.

నీటిని ముందే వదలాలా, పట్టి ఉంచాలా అన్న తగువు ప్రతి ఏడూ వస్తుంది. మడ్డువలస, తోటపల్లి లాంటి చోట్ల ఆయకట్టు రైతు, రబీకి నీళ్లు కావాలి కాబట్టి వాన పడుతుందో లేదో తేలకుండా గేట్లెత్తవద్దంటాడు. దిగువ ఊళ్లవాళ్లు, నిండాక ఒక్కసారి వదిలితే మునిగేది మేమే కనక ముందే కొంత ఖాళీ చెయ్యమంటారు. ఇద్దరి భయమూ నిజమే. గొట్టా విషయంలో ఈ వాదనకు పెద్దగా చోటు లేదు. బ్యారేజీ నీటిని కాలువలకు మళ్లించడానికి కట్టింది, నిల్వకు కాదు. పెద్ద వరద వస్తే వచ్చినంతా కిందికి వదలడమే. తేడా చూపగలిగేది ఎగువ వాన లెక్కలు ఎన్ని గంటల ముందు చేతికందాయన్నదే.

చేలో జరిగేది

ఉత్తర కోస్తాకు సెప్టెంబరు, అక్టోబరు గండం. నవంబరు గడిచేకొద్దీ తుపానులు దక్షిణాన నెల్లూరు, తమిళనాడు వైపు మొగ్గుతాయి. అక్టోబరులో వరి వెన్ను మీద ఉంటుంది, పాలు పోసుకుంటుంది. ఆ బరువుకు కాడ వంగే ఉంటుంది కాబట్టి, మళ్లో నేల మెత్తబడ్డాక 45, 50 కిలోమీటర్ల గాలి చాలు, చేను పడిపోతుంది. ఇదే గాలి వానకు ముందు వీస్తే చేను తట్టుకునేది. చెట్ల సంగతీ అంతే. తడిసి వదులైన నేలలో వేళ్లు పట్టు కోల్పోతాయి, అందుకే తుపానుకు నిలబడ్డ చింతచెట్టు మరునాటి వాయుగుండానికి కూలుతుంది.

కోత అయ్యాక పనలు మీద ఉన్నప్పుడు వచ్చే ముసురు ఇంకో రకం నష్టం. గాలి అసలుండదు, రెండు రోజులు సన్నగా పడుతుంది, గింజ మొలకెత్తుతుంది. మొలకెత్తకపోయినా తేమ పట్టుకుంటుంది. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన ఉండడంతో, కళ్లంలో కుప్ప చెక్కుచెదరకుండా ఉన్నా రైతుకు అమ్ముకునే దారి మూసుకుపోతుంది. పంట నష్టపరిహారానికి 33 శాతం నష్టం అన్న గీత ఉంది. పడిపోయిన చేను కంటికి కనబడుతుంది, లెక్కకు ఎక్కుతుంది; తేమ పట్టిన ధాన్యం అంత తేలిగ్గా ఎక్కదు. విరిగిన కొబ్బరి చెట్టుదైతే ఒక్క ఏటి లెక్క కాదు, కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది.

సముద్రం కూడా వెంటనే నెమ్మదించదు. 2022 మేలో అసని మనకు దూరంగా మచిలీపట్నం, నరసాపురం వైపు బలహీనపడి తీరానికి చేరిన రోజుల్లోనే, సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకు బంగారు రంగు రథమొకటి కొట్టుకొచ్చి ఊరంతా తిరునాళ్లయింది. తుపాను కేంద్రం ఎక్కడున్నా అలలు ఎంత దూరం మోస్తాయో చెప్పడానికి ఇంతకన్నా ముచ్చటైన సాక్ష్యం దొరకదు. వేటకు పోవద్దన్న హెచ్చరిక తుపాను హెచ్చరిక తీసేశాక కూడా కొనసాగడానికి కారణం ఇదే.

హెచ్చరికలు ఎక్కువయ్యాయా?

2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర తీరానికి వస్తుందన్నారు, లోతట్టు జనాన్ని తరలించారు, బడులు మూశారు. అది సముద్రంలోనే సడలిపోయి ఒడిశా వైపు పోయింది. రెండు మూడు సార్లు ఇలా జరిగితే నాలుగోసారి ఎవరు కదులుతారు, పోయిన కూలి ఎవరిస్తారు అన్నది ఒక వాదన. ఆ విసుగును తేలిగ్గా తీసెయ్యలేం. అయితే తుపాను నడిచే దారిని ముందుగా చెప్పడంలో వచ్చినంత మెరుగుదల దాని బలం ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చెప్పడంలో రాలేదు. తరలింపు నిర్ణయం మాత్రం ఒకటి, ఒకటిన్నర రోజు ముందే తీసుకోవాలి. తెలిసేదాకా ఆగితే తరలించే వేళ మించిపోతుంది. నా మట్టుకు, తప్పున్నది హెచ్చరికల సంఖ్యలో కన్నా వాటి పతాక శీర్షికలో అనిపిస్తుంది: గాలి మెట్టు పెద్ద అక్షరాల్లో, వాన తీవ్రతను చెప్పే హెచ్చరిక రంగు చిన్న అక్షరాల్లో.

వేడెక్కుతున్న వాతావరణం వల్ల తుపానులు నేల మీద నెమ్మదిగా సడలుతున్నాయా అన్నది మరో చర్చ. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, 1960లలో ఉత్తర అట్లాంటిక్ హరికేన్లు నేలకెక్కిన తొలి రోజున నాలుగింట మూడు వంతుల బలం కోల్పోయేవి, ఇప్పుడు దాదాపు సగమే కోల్పోతున్నాయి. సముద్రం నుంచి మోసుకొచ్చే తడి పెరగడమే కారణమన్నది వారి వివరణ. దాన్ని బంగాళాఖాతానికి యథాతథంగా అతికించలేం. ఇక్కడ తీరానికి కనుమలు దగ్గర, రుతుపవనాల జోక్యం ఎక్కువ. వేడి గాలి ఎక్కువ తడిని పట్టుకుంటుందన్న మూలసూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

చివరగా ఒక ప్రకటనను ఊహించుకుని విప్పి చూద్దాం. "టెక్కలి సమీపంలో కేంద్రీకృతమైన తీవ్ర వాయుగుండం వాయుగుండంగా బలహీనపడి, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వాయవ్యంగా కదులుతోంది." మొదటి సగం చెప్పేది గాలి 50 కిలోమీటర్ల లోపుకు దిగిందని. రెండో సగంలో ఉన్న ఆరును పన్నెండు గంటలతో హెచ్చిస్తే 72 కిలోమీటర్లు. టెక్కలి నుంచి వాయవ్యంగా దాదాపు అంత దూరంలో ఉన్నది గుణుపూర్. అంటే సాయంత్రం వచ్చిన ఆ ప్రకటన ప్రకారం, మరునాడు తెల్లవారేసరికి ఆ మబ్బు వంశధార ఎగువన నిలబడి ఉంటుంది. గొట్టా గేట్ల దగ్గరికి ఆ నీళ్లు చేరేది ఆ తరవాత.